పక్క సీటు

"క్లచ్చు నొక్కండి. క్లచ్చు... క్లచ్చు! అమ్మా, అది బ్రేకు!"

కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనకొస్తున్న వ్యానువాడు హారన్ మీది చెయ్యి తియ్యకుండానే పక్కనుంచి దూసుకుపోతూ, కారు నెత్తినున్న డ్రైవింగ్ స్కూలు బోర్డు చూసి, నోట్లో ఉన్న తిట్టుకి ఇంకోటి జోడించి మరీ పోయాడు. స్టీరింగు పట్టుకున్న మేనేజరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. బ్యాంకులో ఆవిడ దగ్గితే గుమాస్తాలు లేచి నిలబడతారని చెప్పుకుంటారు. ఇక్కడ మాత్రం క్లచ్చు ఆవిడ మాట వినడం లేదు.

"ఇవాళ్టికి చాల్లేమ్మా. రేపు చూద్దాం," అంది.

"రేపు కూడా ఇదే రోడ్డు, ఇదే క్లచ్చు," అంటూ పిడుగు పక్క సీట్లోంచి తలుపు తీసుకుని దిగింది. "ఆ నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి, తిప్పుకుని వచ్చెయ్యండి."

"ఒక్కదాన్నేనా!"

"మీరొక్కరే."

ఆ స్కూల్లో అదే చివరి పాఠం. స్కూలంటే పెద్ద స్కూలేమీ కాదు. రెండు జతల పెడల్సున్న ఒక కారు, ఒక బోర్డు, బల్లా కుర్చీ ఉన్న ఒక గది. పిడుగు వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. పక్క సీట్లో మనిషి ఉన్నంతసేపూ కారు నడిచేది వాడి కాళ్ళతోనే, నేర్పేవాడు దిగిపోతే గాని నేర్చుకున్నట్టు కాదు అంటాడాయన. మోకాలు అరిగి సగం పాఠాలు కూతురికి అప్పజెప్పాక కూడా ఈ ఒక్కటీ మార్చనివ్వలేదు. దిగినవాళ్ళు ఎక్కడో చెట్టు నీడన కూర్చోకూడదు. నడిపేవాళ్ళకి కనబడేలా రోడ్డు మీదే నిలబడాలి. అది కూడా రూలే.

కారు ముక్కుతూ మూలుగుతూ వెళ్ళింది. పిడుగు ఎండలో నిలబడింది. నీళ్ళ ట్యాంకు దగ్గర కారు ఒకసారి ఆగి, ఆలోచించుకుని, తిరిగింది. దగ్గరికి వచ్చాక మేనేజరమ్మ తలుపు బార్లా తెరిచి దిగి, పిడుగుని గట్టిగా వాటేసుకుంది. "ఎవరూ లేరు! పక్కన ఎవరూ లేరు!" అని చిన్నపిల్లలా రెండుసార్లు అంది. కళ్ళు తుడుచుకుంది. పిడుగు కోపం అప్పుడు దిగింది. పొద్దుట్నుంచీ ముక్కు మీదే ఉంది అది. అసలు ఆ పేరు పెట్టింది మేనమామ. పిల్ల పుట్టగానే ఏడవలేదు, అరిచింది అంటాడాయన.

చిత్రమేమిటంటే, అందరికోసం దిగే నాన్న కూతురికోసం మాత్రం ఏనాడూ దిగలేదు. కూతురు కారు తీస్తే ఆయన పక్కన ఉండాల్సిందే. ఇంకొకరి కార్లో, పెడల్సే లేని చోట కూర్చున్నా, ఆయన మంచి కాలు నేలని నొక్కుతూనే ఉండేది.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే కూర్చున్నాడు. వెనక సీట్లో మామయ్య. ముగ్గురూ పిడుగు కోసం విమానం నేర్పే బడి చూడ్డానికి బయల్దేరారు. పరీక్షలు అయ్యాయి, డాక్టర్ల పరీక్షలూ అయ్యాయి, ఇక బడి ఒక్కటే తేలాలి. ఇంటి పక్కనున్న ఖాళీ జాగా అమ్మితే వచ్చేది ఒక్క బడికే సరిపోతుంది. ఎంచుకున్నది తప్పని తేలితే రెండోసారి అమ్మడానికి ఇంకో జాగా లేదు. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. అందుకే దారిలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మామయ్య టైల్స్ గురించి మాట్లాడాడు. ఆయనకి నేల టైల్స్ షాపుంది.

మొదటి బడి చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. పొలాల మధ్య గడ్డి నేల, ఒక రేకుల షెడ్డు, అందులో రంగు వెలిసిన రెండు చిన్న విమానాలు. ఒకదాని ముక్కు విప్పి ఉంది. నిన్న కురిసిన వానకి దారంతా బురద. మామయ్య మెరిసే బూట్లతో కోడిపుంజులా ఒక్కో కాలూ ఎత్తి వేస్తూ వచ్చాడు.

కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకున్న ఒక పెద్దావిడ రెండో విమానం అద్దం తుడుస్తోంది. ఆవిడే అక్కడ నేర్పేది, నడిపేది.

"ఒకసారి గాల్లోకి తీసికెళ్ళి చూపిస్తారా మా అమ్మాయిని?" అన్నాడు మామయ్య.

"ఇవాళ గాలి బాలేదు. ఎగరం."

"అంత దూరం నుంచి వచ్చామండీ."

"గాలికి చెప్పి చూడండి," అందావిడ, గుడ్డ పిండుతూ.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఇంత పెద్ద విషయంలో నాకేం తెలుసు అనుకునే మనిషి, అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఆయనకుంది. "ఎన్నాళ్ళకి ఒంటరిగా ఎగరనిస్తారండీ?"

"నేను దిగిన రోజున."

"అదే, ఎప్పుడు దిగుతారూ అని."

"తెలిస్తే చెప్పనా? ఆ అమ్మాయిని చూడాలి. గాలి చూడాలి. నా ధైర్యం కూడా చూసుకోవాలి." ఆవిడ మొదటిసారి పిడుగు వైపు తిరిగింది. "నీకు కోపమెక్కువలా ఉంది."

"ఎవరు చెప్పారు?" అంది పిడుగు.

"ఇప్పుడు నువ్వే చెప్పావుగా."

పిడుగుకి ఒళ్ళు మండింది. తిరిగి వెళ్తుంటే మామయ్య బూట్లు గీకుతూ గొణిగాడు. "కుర్చీ లేదు, మంచినీళ్ళు లేవు, ఆ నోటికి మర్యాదా లేదు. నేల చూస్తే ఇల్లు తెలుస్తుంది బావా. ఇక్కడ అసలు నేలే లేదు." ఆ ఒక్కసారి మామయ్య మాట పిడుగుకీ నిజమే అనిపించింది.

శనివారం రెండో బడికి వెళ్ళారు. అక్కడ నేల ఉంది. ఎంత ఉందంటే, అద్దాల తలుపు దాటగానే మామయ్య ఆగిపోయి, వంగి, వేలి కణుపుతో టైల్ మీద టకటక కొట్టి విన్నాడు. "అసలు సరుకు," అని బావకి కన్ను గీటాడు. ఆయన దృష్టిలో బడి అక్కడే ఖాయమైపోయింది.

డైరెక్టరు తెల్లచొక్కా, నల్ల టై, నవ్వు, మూడూ ఇస్త్రీ చేసినట్టున్నాయి. బడి చూడ్డానికి వచ్చిన ఇంకో రెండు కుటుంబాలతో కలిపి అందరినీ చల్లటి గదుల్లో తిప్పాడు. మాట్లాడినంతసేపూ మామయ్యతోనూ, మిగతా ఇళ్ళ మగవాళ్ళతోనూ మాట్లాడాడు.

"అమ్మాయికి ఎత్తంటే భయమా సార్?" అని మామయ్యని అడిగాడు.

"మా అమ్మాయా? పిడుగండీ!"

"ఎగరబోయేది నేను. నన్నడగండి," అంది పిడుగు.

డైరెక్టరు నవ్వాడు. "స్పిరిట్ బాగుంది సార్," అని మళ్ళీ మామయ్యకే చెప్పాడు. పిడుగు పళ్ళు నూరుకుంది. కిటికీ అవతల వరసగా నిలబెట్టిన విమానాలు కొత్త పెళ్ళికూతుళ్ళలా తళతళలాడుతున్నాయి. వాటిని చూసి కోపాన్ని మింగింది. ఎవడితో మాట్లాడితేనేం, విమానాలున్నాయి.

అప్పుడు డైరెక్టరు చేతి గడియారం చూసుకుని, "మీరు అదృష్టవంతులు. ఇవాళ మా స్టూడెంటు ఒకమ్మాయి మొదటిసారి ఒంటరిగా ఎగురుతోంది. రండి," అన్నాడు.

పచ్చిక మీద కుర్చీలు వేశారు. రన్‌వే అవతలి చివర, చెట్ల వెనకనుంచి ఒక చిన్న విమానం లేచింది. చుట్టూ తిరిగి, దూరంగా నేల తాకి, పెద్ద షెడ్డు వెనక్కి వెళ్ళి కనబడకుండా పోయింది. కాసేపటికి షెడ్డు మూల తిరిగి వీళ్ళవైపు దొర్లుకుంటూ వచ్చింది. లోపల ఒక్కటే తల, ఆ తలకి ఎర్ర రిబ్బను. పక్క సీటు ఖాళీ.

నాన్న లేచి నిలబడిపోయాడు. "దిగాడు! చూశావా, సారు దిగిపోయాడు!" అన్నాడు, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా. ఎర్ర రిబ్బనమ్మాయి దిగి నిలబడగానే, ఎవరో బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి నెత్తిమీంచి కుమ్మరించారు. మొదటిసారి ఒంటరిగా ఎగిరినవాళ్ళకి అలా నీళ్ళు పొయ్యడం పైలట్లలో ఎక్కడైనా ఉన్నదే అని డైరెక్టరు చెప్పాడు. ఫోటోలు తీశారు. చప్పట్లు మోగాయి. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది నాన్న. పిడుగు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెలలుగా ఎవరేమన్నా రాని నీళ్ళు. దాచుకోవాలనీ అనిపించలేదు.

తిరుగు దారిలో నాన్న అన్నాడు, "నాకు గదులూ టైల్సూ తెలీవు బావా. దిగే మాస్టారున్న బడి. అంతే చాలు." బడి తేలిపోయింది.

బుధవారం యూనిఫాం కొలతలివ్వడానికి రమ్మంటే పిడుగు ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. నాన్న మోకాలు వాచి ఉంది. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఇవాళ గెస్టులొచ్చారు. టైలరు గదికైతే వెనక గేటునుంచి పో, షెడ్డు చుట్టూ తిరిగి."

వెనక గేటు దగ్గర టైల్స్ లేవు. నూనె డబ్బాలు, చక్రాల్లేని ఒక విమానం, గడ్డి. ఆ విమానం ముందు సగానికి మాత్రం కొత్త రంగు వేసి ఉంది. పైన పటారం, లోన లొటారం అని అమ్మ అనే మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది పిడుగుకి. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఇంజను చప్పుడు దగ్గరైంది. చిన్న విమానం రన్‌వే వైపునుంచి దొర్లుకుంటూ వచ్చి షెడ్డు వెనక ఆగింది. లోపల రెండు తలలు.

నల్లకళ్ళద్దాల సారొకాయన తలుపు తీసి, వంగి, రెక్క వెనకనుంచి దిగాడు. విమానం వీపు మీద గేదెని అదిలించినట్టు ఒక్కటి చరిచాడు. ఎర్ర రిబ్బను తల ఒక్కటే మిగిలిన విమానం ముందుకు కదిలి, షెడ్డు మూల తిరిగింది. సారు గోడవారగా బోర్లించిన డబ్బా మీద కూర్చుని, జేబులోంచి కమలాపండు తీసి వలవడం మొదలుపెట్టాడు. కాళ్ళ దగ్గర తొక్కలున్నాయి. కొన్ని మెత్తగా, కొన్ని వాడిపోయి, కొన్ని ఎండి నల్లబడి మట్టిలో కలిసిపోతూ.

షెడ్డుకి అవతల చప్పట్లు. నీళ్ళ చప్పుడు. మళ్ళీ చప్పట్లు.

సారు తలెత్తలేదు. రెండో తొన నోట్లో వేసుకుంటుండగా పిడుగుని చూశాడు. "ఎవరమ్మా?"

"టైలరు గది..."

"అటు." చెయ్యి చూపించి, అదే చేత్తో ఒక తొన ముందుకి చాచాడు. "తింటావా?"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో పిడుగుకి అప్పుడు తెలిసింది. శనివారం తన కళ్ళలోంచి వచ్చిన నీళ్ళని ఎవరో దొంగిలించినట్టుంది. నాన్న చప్పట్లు గుర్తొచ్చాయి. ఆయన లేచి నిలబడటం గుర్తొచ్చింది. ఆ మనిషి చేతిలో తొన కొట్టేసి అరవాలనిపించింది, కానీ గిర్రున తిరిగి నడిచింది. టైలరు గదికి వెళ్ళలేదు. దాని పక్కనున్న బాత్‌రూములోంచి చొక్కా పిండుతున్న చప్పుడు వస్తోంది. అక్కడికి వెళ్ళింది.

ఎర్ర రిబ్బనమ్మాయి అద్దంలోంచి చూసింది.

"ఇది ఎన్నోసారి?" అంది పిడుగు.

"లెక్కపెట్టడం మానేశాను."

"సిగ్గులేదూ? కుక్కిన పేనులా పడుంటావా? నోరు లేదా నీకు?"

"ఉంది. జలుబు కూడా ఉంది," అంది ఆ అమ్మాయి, ముక్కు ఎగబీలుస్తూ. "ఇక్కడందరూ నన్ను బకెట్టు అంటారు. నువ్వూ అనొచ్చు."

ఆ అమ్మాయి చొక్కా దులిపి కిటికీ ఊచకి ఆరేసింది. జేబులోంచి చేతి గడియారం తీసి పెట్టుకుంది. నీళ్ళు పడతాయని ముందే విప్పి దాచుకోవడం అలవాటైపోయింది.

"మొదటిసారి నిజమనుకునే ఎక్కాను. సారు షెడ్డు వెనక దిగి, 'అందరూ చూస్తున్నారు, పోనీ' అన్నారు. ఎందుకో తెలీలేదు, పోనిచ్చాను. నీళ్ళు పోశారు. ఫోటో మా ఇంటికి పంపించేశారు. మా అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టింది. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళారు. నేను ఫోన్ చేసేసరికి అమ్మ ఏడుస్తోంది, సంతోషంతో. ఇంకేమని చెప్పను?"

"మరి నిజంగా ఎప్పుడు ఎగరనిస్తారు?"

"ఇక్కడ ఎగిరే విమానం అదొక్కటే. ఆ వరసలో నిలబెట్టినవన్నీ చూడ్డానికే. నీ వంతు, నీ వంతు అంటారు. పద్ధతిగా ఉంటే ముందు నన్నే పంపిస్తామన్నారు. నాకొచ్చు, తెలుసా? నాకు నిజంగా వచ్చు." వెంటనే మొహం గట్టిగా చేసుకుని పిడుగు మణికట్టు పట్టుకుంది. "నువ్వు బయట చెప్పావంటే మా అమ్మ ఆ ఫోటో దించాల్సొస్తుంది. చెప్పనని ఒట్టెయ్."

"వెయ్యను."

"వెయ్యి!"

పిడుగు ఆ తడి చేతిలో చెయ్యి వేసింది. జీవితంలో అంత కోపంగా ఎవరూ ఒట్టేసి ఉండరు.

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర, "నేనక్కడ చేరను," అంది.

మామయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమే?"

"చేరనంతే."

"కారణం?"

"చెప్పను."

"చెప్పవూ! నేను డైరెక్టరు గారికి మాటిచ్చాను. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను మా మేనకోడలు ఫలానా చోట చేరుతోందని. శనివారం ఫోటోలు కూడా తీస్తారట. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ షాపులో బోలెడు నేలుంది, ఎక్కడైనా పెట్టుకో."

"నోర్ముయ్యవే!" అంది అమ్మ. అన్నగారిని అంటే ఆవిడ ఊరుకోదు. కానీ గిన్నె మూత పెడుతూ, "నవ్వుతూ వెళ్ళిన పిల్ల మొహం మాడ్చుకుని వచ్చింది. ఊరికే ఎందుకొస్తుంది అన్నయ్యా?" అని కూడా అంది.

మామయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కుంటూనే అరిచాడు. ఆడపిల్లకి విమానం కావాలంటే కాదన్న మగాడున్నాడా ఈ ఇంట్లో, దగ్గరుండి తిప్పాను, దానికి ఇదా బహుమానం అన్నాడు. పిడుగు నోరు విప్పితే ఒట్టు తెగుతుంది. పెదవి లోపల కొరుక్కుంటూ కూర్చుంది. తప్పు చేసినవాళ్ళు చల్లటి గదుల్లో టై సర్దుకుంటుంటే, తన ఇంట్లో తనే దోషిలా మాటలు పడుతోంది. ఎంత అన్యాయం!

నాన్న మోకాలికి పట్టీ చుట్టుకోవడం ఆపాడు. "కారణం ఉందా, కోపమేనా?"

"ఉంది."

"నీదేనా?"

పిడుగు తల అడ్డంగా ఊపింది. నాన్న పట్టీ ముడి బిగించాడు.

"వద్దని చెప్పాలన్నా ఎదురుగా నిలబడే చెప్పాలి. శనివారం వెళ్దాం. నువ్వే చెప్పు," అన్నాడు.

శనివారం పచ్చిక మీద కుర్చీలు ఎక్కువ వేశారు. కొత్త కుటుంబాలొచ్చాయి. డైరెక్టరు పిడుగుని చూస్తూనే రెండు చేతులూ చాచి ముందుకొచ్చాడు. "మా కొత్త స్టూడెంట్!" అని అందరికీ పరిచయం చేసేశాడు. ఆమె నోరు తెరిచేలోపే నీళ్ళు నిండిన బకెట్టు చేతికిచ్చాడు. "మా దగ్గరొక పద్ధతి. కొత్తగా చేరేవాళ్ళే సీనియరుకి నీళ్ళు పొయ్యాలి. ఇవాళ మా స్టూడెంటు ఒకమ్మాయి మొదటిసారి ఒంటరిగా ఎగురుతోంది!"

చెట్ల వెనకనుంచి విమానం లేచింది. తిరిగింది. దిగింది. షెడ్డు వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు సారు డబ్బా మీద కూర్చున్నాడు, ఇప్పుడు తొక్క గిల్లుతున్నాడు అని పిడుగు లోపల్లోపల చూస్తూనే ఉంది. బకెట్టు పిడి అరచేతిలోకి దిగబడుతోంది.

నాన్న కుర్చీలో ముందుకి వంగాడు. షెడ్డు మూల తిరిగి వచ్చిన తలని, దాని ఎర్ర రిబ్బనుని చూసి కళ్ళు చికిలించాడు. చప్పట్లకి లేచిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"అదే అమ్మాయిలా ఉందే," అన్నాడు మెల్లగా.

"అందరికీ ఒకటే యూనిఫాం కదా బావా," అన్నాడు మామయ్య.

ఆ అమ్మాయి దిగి వచ్చి పిడుగు ముందు నిలబడింది. చేతికి గడియారం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు చెవుల దాకా ఎత్తి, చల్లటి నీళ్ళకి సిద్ధంగా ఉంది. దెబ్బ పడుతుందని తెలిసిన పిల్లలు నిలబడినట్టు. పిడుగు ఆ భుజాలు చూసింది. తర్వాత బకెట్టుని నేల మీద పెట్టేసింది.

"నేను పొయ్యను."

"ఏమ్మా?" అన్నాడు డైరెక్టరు.

"పొయ్యను. ఈ బడిలో చేరను కూడా."

"పొయ్యవే, ఫోటో తీస్తున్నారు!" అని వెనకనుంచి మామయ్య గుడ్లురిమాడు.

"ఎందుకో చెప్పొచ్చుగా," అన్నాడు డైరెక్టరు, నవ్వు చెదరనివ్వకుండా.

"చెప్పను." కోపంతో పిడుగు గడ్డం వణుకుతోంది. ఒట్టు అడ్డు నిలబడింది.

"కొత్త కదా, బెరుకు," అని డైరెక్టరు అందరికీ సర్దిచెప్పి, తనే బకెట్టు ఎత్తబోయాడు. ఎర్ర రిబ్బనమ్మాయి కళ్ళు తెరిచింది. ఒంటి మీద నీళ్ళు పడకుండా ఆ చోట ఆమె కళ్ళు తెరవడం అదే మొదలు. తన పొడి చేతుల్ని చూసుకుంది. కింద ఉన్న బకెట్టుని చూసింది. వణుకుతున్న పిడుగు గడ్డాన్ని చూసింది.

"సార్, ఇవాళ నేను తీసికెళ్తాను," అంది.

డైరెక్టరు చేతికి అందకుండా బకెట్టు లాక్కుని, రెండు చేతులా పట్టుకుని, షెడ్డు వైపు నడిచింది. నీళ్ళు తొణికి బూట్ల మీద పడుతున్నాయి. ఇదీ వేడుకలో భాగమే కాబోలనుకుని జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని వెనకాల బయల్దేరారు. "అటు కాదు! అటు గెస్టులకి కాదు!" అంటూ డైరెక్టరు ముందుకీ వెనక్కీ పరిగెత్తాడు. నిప్పు తొక్కిన కోతిలా ఉంది ఆయన వరస.

షెడ్డు వెనక, బోర్లించిన డబ్బా మీద, నల్లకళ్ళద్దాల సారు సగం వలిచిన కమలాపండుతో తలెత్తి చూశాడు. ఎదురుగా ఇరవై ఫోన్లు.

"ఇన్నిసార్లూ దిగింది మీరు సార్," అంది ఆ అమ్మాయి. "ఈ నీళ్ళు మీవి."

కుమ్మరించలేదు. మొక్కకి పోసినట్టు నెమ్మదిగా, అడుగు చుక్క దాకా, ఆయన నెత్తిమీద పోసింది. చేతిలో సగం పండు తడిసిపోయింది. ఖాళీ బకెట్టు పక్కన పెట్టి ఆమె జనం వైపు తిరిగింది.

"నేనెప్పుడూ ఒంటరిగా ఎగరలేదు. నాకు రాక కాదు. వీళ్ళు ఎగరనివ్వక."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక తల్లి తన కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుంది. డైరెక్టరు ఆ అమ్మాయి దగ్గరికి వంగి, పళ్ళ మధ్యనుంచి, "నీ సంగతి తర్వాత చూస్తాను," అన్నాడు.

"ఇన్నాళ్ళూ చూళ్ళేదుగా సార్," అంది.

నాన్న కుంటుకుంటూ ముందుకొచ్చాడు. కింద పడున్న తొక్కల్ని బూటు కొనతో కదిపి చూశాడు. పచ్చివి, వాడినవి, నల్లబడినవి. కిందటి శనివారం తను కొట్టిన చప్పట్లు వాటి మధ్యెక్కడో ఉన్నాయి. ఆయన మొహం ఎర్రబడటం పిడుగు ఎన్నడూ చూడలేదు. ఇంట్లో కోపమంతా తనకే వచ్చిందనుకునేది.

"దిగి దాక్కున్నావటయ్యా?" అన్నాడు సారుతో. గొంతు పైకి లేవలేదు. "నేనూ దిగుతాను. నా బతుకంతా అదే. దిగి, ఎండలో నడిరోడ్డు మీద నిలబడతాను. పిల్లలకి కనబడాలని. నువ్వు దిగి పండు తింటున్నావా?"

సారు తడిసిన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఎర్ర రిబ్బనమ్మాయి హాస్టలుకి వెళ్ళి ఒక పెట్టెతో వచ్చింది. కార్లో వెనక సీట్లో, మామయ్య పక్కన కూర్చుంది. పిడుగు స్టీరింగు పట్టుకుంది. నాన్న పక్క సీట్లో. కారు చాలా దూరం వచ్చేసింది.

"టైల్స్ మాత్రం మంచివే," అన్నాడు మామయ్య చివరికి, ఏదో ఒకటి దక్కించుకోవాలన్నట్టు. పక్కనున్న అమ్మాయి వైపు చూడకుండానే తన శాలువా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "జలుబులా ఉందే," అన్నాడు.

ఆ అమ్మాయి ఫోన్ తీసింది. "అమ్మా... ముందుగదిలో ఆ ఫోటో ఉందే, దించెయ్... లేదు, ఫోటోకేం కాలేదు. నేనే దించమంటున్నాను... చెప్తాను. అంతా చెప్తానమ్మా. ముందు నువ్వు కూర్చో." తర్వాత చాలాసేపు వింటూనే ఉంది. పిడుగు అద్దంలోంచి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

పొలాల మధ్యకి వచ్చాక నాన్న, "ఆపు," అన్నాడు.

దూరంగా రేకుల షెడ్డు కనబడుతోంది. అక్కడికి వెళ్ళే మట్టిదారి మళ్ళీ చిత్తడిగానే ఉంది.

"'నేను దిగిన రోజున' అందావిడ. మొన్న అది పొగరు అనుకున్నాను," అన్నాడు నాన్న. "అడిగినదానికి అంతకన్నా నిజమైన జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు మనకి." తలుపు తెరిచాడు. వాచిన మోకాలిని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

పిడుగు నోరు తెరిచి చూసింది. "ఎక్కడికి నాన్నా?"

"నువ్వెళ్ళి మాట్లాడు. ఏం అడగాలో నీకే తెలుసు. ఎగరబోయేది నువ్వు."

"నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే."

ఎర్ర రిబ్బనమ్మాయి ముందుకి మారబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు వెనకే కూర్చో తల్లీ. పక్క సీట్లో ఎవరూ వద్దు."

"మరి నేను?" అన్నాడు మామయ్య.

"నువ్వూ దిగు బావా. నడుద్దాం. నీ బూట్లకి కాస్త నేల తగలనీ."

మామయ్య గొణుక్కుంటూ దిగాడు. పిడుగు గేరు వేసింది. కారు మట్టిదారిలోకి తిరిగి, ఒకసారి జారి, నిలదొక్కుకుంది. అలవాటుగా ఆమె పక్కకి చూసింది. సీటు ఖాళీ. అద్దంలో మాత్రం నాన్న ఉన్నాడు, నడిరోడ్డు మీద, ఎండలో, కనబడేలా నిలబడి. మంచి కాలి పాదం మాత్రం ఇంకా నేలని నొక్కుతూనే ఉంది.